మీకు తెలుసా? పోపుగారి తెల్ల పొగలో మన టాబ్లెట్ల పొడి!

గుమ్మడిదల మీదుగా మెదక్ బస్సు ఎప్పుడైనా ఎక్కారా? మెదక్‌లో దిగితే కనిపించే చర్చి గోపురం ఎత్తు 175 అడుగులు! సరే, అది మీకు తెలిసిందే. తెలియనిది చెబుతా, కాస్త దగ్గరికి జరగండి. అది కథోలిక గుడి కాదు! ఇంగ్లండ్ నుంచి వచ్చిన మెథడిస్టు పాస్టరు చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించినది. ఇప్పుడు సీఎస్ఐ వాళ్లది. పోపుగారికీ ఆ గోపురానికీ ఏ లంకే లేదు! మరి పోపుగారికీ మన బొంతపల్లి, పటాన్‌చెరు పారిశ్రామికవాడకీ? అక్కడ ఉంది అసలు తమాషా!

కొత్త పోపు ఎన్నిక అయ్యిందంటే రోమ్‌లో తెల్ల పొగ వస్తుంది కదా. ఆ పొగ దేంతో చేస్తారో తెలుసా? సరిగ్గా 3 సరుకులతో! పొటాషియం క్లోరేట్ ఒకటి. పైన్ చెట్టు బంక నుంచి తీసే రోజిన్ ఇంకొకటి. మూడోది వింటే మీరు కుర్చీలోంచి లేస్తారు. లాక్టోజ్! పాల చక్కెర! మన ఫార్మా కంపెనీల్లో టాబ్లెట్‌కి బరువు రావడానికి మందులో కలిపే తెల్ల పొడి ఉందే, అదే! డ్రమ్ములకు డ్రమ్ములు దింపుకునే ఆ పొడే సిస్టైన్ ఛాపెల్ పొగగొట్టంలోంచి లేచి, "పోపు దొరికాడహో" అని లోకానికి చాటుతుంది!

నల్ల పొగకి ఫార్ములా వేరు! పొటాషియం పర్‌క్లోరేట్, గంధకం, తారు నుంచి తీసే ఆంత్రసీన్. ఈ చిట్టా ఎవరో దొంగతనంగా బయటపెట్టింది కాదు. 2013లో వాటికనే చెప్పేసింది! పూర్వం గడ్డి తగలబెట్టేవాళ్లు. వచ్చింది తెలుపో నలుపో అర్థంకాక జనం జుట్టు పీక్కునేవాళ్లు. కెమిస్ట్రీ వచ్చి కాపాడింది!

ఆ పొగ వచ్చే పొయ్యిలో కాలేవి ఓటు చీటీలు. అవి ఊరికే కాలవు! లెక్కించే కార్డినల్ ప్రతి చీటీనీ పైకి చదివి, సూదీ దారం తీసుకుంటాడు. "ఎన్నుకుంటున్నాను" అని లాటిన్‌లో అచ్చయి ఉన్న మాట మీదే సూది గుచ్చుతాడు. చీటీలన్నీ మల్లెపూల దండలా ఒకే దారానికి ఎక్కుతాయి. చివర ముడి. ఆ తర్వాతే మంట! 2025 మే నెలలో అలా దారానికెక్కిన చీటీలు రౌండుకి 133. అందులో ఒకటి తెలుగు చేతి రాత!

ఎవరిదా చేయి? హైదరాబాద్ అగ్రపీఠాధిపతి కార్డినల్ పూల ఆంథోనీగారిది! కర్నూలు సీమలోని పోలూరు ఆయన పుట్టిన ఊరు. 2022 ఆగస్టు 27న పోప్ ఫ్రాన్సిస్ ఆయన తలమీద ఎర్ర టోపీ పెట్టారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్! దళితుల్లోంచి మొదటి కార్డినల్ కూడా ఆయనే. ప్రపంచం మొత్తం మీద! గుమ్మడిదల కథోలికులు ఏ అగ్రపీఠం కిందికి వస్తారో చెప్పనా? ఆయనదే!

ఆ 2025 ఎన్నిక రెండు రోజుల్లో తేలిపోయింది. ఎప్పుడూ అంతే అనుకోకండి! 1268లో విటెర్బో ఊళ్లో మొదలైన ఎన్నిక 2 సంవత్సరాల 9 నెలలు సాగింది! ఊరి జనానికి ఓపిక నశించింది. కార్డినళ్లను లోపల పెట్టి తాళం వేశారు. భోజనం తగ్గించారు. అయినా తేల్చలేదు. ఇంటి పైకప్పు పీకేశారు! ఎండా వానా తగిలాక గానీ ఒక పేరు మీదికి రాలేదు. మన మున్సిపల్ ఎన్నికలే నయం!

2025లో ఎన్నికైన పోపుగారి పేరు 14వ లియో. ఆ పేరే ఎందుకు పెట్టుకున్నారో విన్నారా? షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లు చెవి ఒగ్గాల్సింది ఇక్కడే! 13వ లియో అనే పాత పోపు 1891లో ఒక పెద్ద లేఖ రాశాడు. దేవదూతల గురించి కాదు. ఫ్యాక్టరీ కూలీల గురించి! బతకడానికి చాలినంత జీతం ఇవ్వాలని, కార్మికులు సంఘం పెట్టుకోవచ్చని, సెలవు ఇవ్వాలని. ఆ మాటలు అన్నది యూనియన్ లీడర్ కాదు, రోమ్ పోపు! ఇప్పటి లియో ఆ లేఖనే గుర్తుచేశారు. అప్పుడు ఆవిరి యంత్రాలు వచ్చాయి, ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది, కూలివాడి మర్యాద మాటేమిటి అని ఆయన ప్రశ్న. పాశమైలారం గేటు దగ్గర కాంట్రాక్ట్ లేబర్‌ని అడిగితే ఆ ప్రశ్న పాతదో కొత్తదో వాళ్లే చెబుతారు!

మే 1న ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎర్రజెండా ఎగురుతుంది. అదే రోజు కథోలిక గుడిలోనూ పండుగే! కార్మికుడైన పునీత యోసేపు పండుగ. రంపం, ఉలి పట్టిన వడ్రంగి యోసేపు! 1955లో 12వ పయస్ పోపు కావాలనే మే డే నాడు పెట్టాడు. కమ్యూనిస్టులకే ఆ రోజును వదిలేస్తామా అనుకున్నాడన్నమాట. గడుసువాడే!

మందుల సంగతి ఎలాగూ వచ్చింది. డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ పేరు విన్నారా? వినకపోతే ఇప్పుడు వినండి! ఆస్ట్రేలియాలో డాక్టర్ చదువు పూర్తిచేసింది. అక్కడ మంచి ప్రాక్టీస్ ఉంది. అన్నీ వదిలేసి 1920లో ఓడెక్కి మన గుంటూరుకి వచ్చేసింది! మఠంలో చేరింది. అప్పట్లో మఠకన్యలు డాక్టర్‌గా పనిచేయకూడదని రూలు. పోపుగారే ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు! అలా వైద్యం చేసిన తొలి మఠకన్య మన గుంటూరులోనే చేసిందన్నమాట.

ఆవిడే 1943లో ఒక సంఘం పెట్టింది. కథోలిక ఆసుపత్రులన్నింటినీ ఒక తాటి మీదికి తెచ్చే సంఘం. దేశమంతా విస్తరించింది. దాని కేంద్ర కార్యాలయం ఎక్కడుందో చెప్పుకోండి చూద్దాం. ఢిల్లీ? ముంబై? కాదు, మన సికింద్రాబాద్!

పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో శనగ, కంది జన్యువులు వెతుకుతుంటారు కదా. ఆ జన్యుశాస్త్రానికి పునాది వేసింది ఎవరు? ఒక కథోలిక సన్యాసి! గ్రెగర్ మెండెల్. మఠం పెరట్లో బఠాణీ మొక్కలు పెంచాడు. ఎన్ని? దాదాపు 28,000! పువ్వు రంగు చూశాడు, గింజ నునుపు చూశాడు, పొట్టీ పొడుగూ లెక్క కట్టాడు. ఇంకో రహస్యం. ఈ మహానుభావుడు టీచర్ పరీక్ష రాసి తప్పాడు. మళ్లీ రాశాడు. మళ్లీ తప్పాడు!

అదే ఇక్రిశాట్ క్యాంపస్ సుమారు 1,400 హెక్టార్లు. వాటికన్ దేశం విస్తీర్ణం ఎంతనుకున్నారు? 44 హెక్టార్లు! దేశం మొత్తం అంతే! మన లెక్కలో 109 ఎకరాలు. అంటే ఇక్రిశాట్‌లో 30 వాటికన్‌లు పట్టేస్తాయి, ఇంకా జొన్న చేలకి జాగా మిగులుతుంది! మన రోడ్డు పక్క రియల్ ఎస్టేట్ వాళ్లు ఈ మాట విన్నారంటే ప్లాట్లు గీసేస్తారు!

గోడ మీది క్యాలెండర్ చూడండి. షిఫ్టు రోస్టరు, జీతం తేదీ, కరెంటు బిల్లు గడువు, అన్నీ దాని మీదే! ఆ క్యాలెండర్ పెట్టింది పోపే! 13వ గ్రెగరీ. 1582 అక్టోబరు 4 రాత్రి జనం పడుకున్నారు. లేచేసరికి 15! మధ్యలో 10 రోజులు మాయం! దొంగ ఎవరూ లేడు. పాత లెక్కలో చేరిన తప్పుని జెసూట్ గణితవేత్త క్లావియస్ లాంటివాళ్లు సరిచేశారంతే. అవిలా పునీత తెరేసమ్మ సరిగ్గా ఆ రాత్రే చనిపోయింది. మర్నాడే సమాధి చేశారు. తేదీ మాత్రం పదకొండు రోజుల తేడా!

ఇది నాకు అన్నింటికంటే నచ్చిన ముక్క. నెమ్మదిగా వినండి! నూరేళ్లకి పైచిలుకు కిందట ఆకాశం మొత్తానికీ మ్యాప్ గీయాలని ప్రపంచంలోని అబ్జర్వేటరీలు పంచుకున్నాయి. ఒక వాటా వాటికన్‌కి వచ్చింది. ఇంకో వాటా ఎవరికి? మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీకి! అక్కడ పోపు, ఇక్కడ నిజాం, మధ్యలో ఒకటే ఆకాశం! వాటికన్‌లో లెక్క పెట్టింది ఎవరో తెలుసా? నలుగురు సిస్టర్లు. ఎమిలియా, రెజీనా, కొంచెత్తా, లుయీజా. మైక్రోస్కోపులో గాజు పలక మీది చుక్క చూసి స్థానం పైకి చదవాలి. పక్కనున్నావిడ పద్దులో రాసుకోవాలి. మళ్లీ చుక్క. మళ్లీ అంకె. అలా పదకొండేళ్లు! మొత్తం 4,81,215 నక్షత్రాలు! పేర్లు మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. 2016లో గానీ బయటపడలేదు. ఈ ఆలస్యానికి ఏం అనాలో మీరే అనండి!

విశ్వం ఒక్క చిన్న అణువులోంచి విస్తరించిందన్నది ఎవరు? నాస్తికుడైన శాస్త్రవేత్త అనుకున్నారా? బెల్జియం ఫాదర్! పేరు జార్జ్ లెమెత్ర్. ఐన్‌స్టీన్ మొదట్లో నమ్మలేదు కూడా! అసలు మజా ఇంకా ఉంది. 1951లో పోపుగారు సంబరపడి, సృష్టికి ఇదే రుజువు అన్నట్టు మాట్లాడారు. ఫాదర్ లెమెత్ర్ ఒప్పుకోలేదు! విజ్ఞానం వేరు, విశ్వాసం వేరు, రెండూ కలపకండి అని నచ్చజెప్పారు. పోపుగారు ఇక ఆ ఊసెత్తలేదు!

గెలీలియో గొడవ గుర్తుందా? తప్పు మావాళ్లదేనని చర్చి బాహాటంగా ఒప్పుకున్నది 1992లో. తీర్పు వచ్చిన 359 ఏళ్లకి! మన కోర్టు వాయిదాలు ఏ మూలకి!

కలంకారి చీర ఉందా ఇంట్లో? అయితే ఈ గూఢచారి కథ మీకే! ఫాదర్ కేర్డూ అనే ఫ్రెంచి జెసూట్ ఉండేవాడు. 1742లో కోరమాండల్ తీరం నుంచి యూరప్‌కి ఒక ఉత్తరం పంపాడు. అందులో ప్రార్థనలు కాదు, అద్దకం గుట్టు! బట్టని కరక్కాయ రసంలో, గేదె పాలలో ముంచాలి. ఆరబెట్టాలి. దుడ్డుతో బాదాలి. రంగు పట్టడానికి పటిక. ఎరుపు కోసం చిరువేరు. ఒక్కో మెట్టూ వరసగా! ఎవరు చెప్పారు? క్రైస్తవంలోకి కొత్తగా వచ్చిన అద్దకపు పనివాళ్లు. గురువు అడిగితే ఎవరు కాదంటారు? తరతరాలుగా కుటుంబం దాటని విద్య ఓడెక్కి పోయింది. ఇవాళైతే ఏ ఫార్మా కంపెనీ అయినా ఇలాంటి ఉత్తరానికి లాయర్ నోటీసు పంపేది!

ఆయన్ని అప్పుడే వదలకండి! సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే కుదురు భాషలని విలియం జోన్స్ చెప్పాడని పుస్తకాల్లో చదువుకున్నాం. ఫాదర్ కేర్డూ అదే మాట 19 ఏళ్ల ముందే ప్యారిస్ పండితులకు రాసి పంపాడు! ఆయనకి తెలుగు వచ్చు, సంస్కృతం వచ్చు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతం కలిపి నిఘంటువే తయారుచేశాడు. పండితులు ఆ ఉత్తరాన్ని పక్కన పడేశారు. అచ్చువేసేసరికి ఆయన లేడు. పేరు జోన్స్‌కి పోయింది!

ప్రొటెస్టెంట్ బైబిల్లో 66 పుస్తకాలు. కథోలికుల బైబిల్లో 73! ఆ ఎక్కువ ఏడింటిలో ఒకటి తోబీతు కథ. గుడ్డివాడైన తండ్రి, దూరప్రయాణం చేసే కొడుకు, వెంట మారువేషంలో దేవదూత. సినిమాకి సరిపడా కథ! మన పాత తెలుగు కవి పింగళి ఎల్లనార్యుడు దాన్ని పద్యకావ్యం చేశాడు. పేరు తోభ్యా చరిత్రము. ప్రబంధాల ఫక్కీలో బైబిల్!

పరమానందయ్య శిష్యుల కథలకి నవ్వని తెలుగువాడు ఉన్నాడా? వాటికి దగ్గరి చుట్టం లాంటి పుస్తకం తమిళంలో ఉంది. పరమార్థ గురువు, ఆయనకి 5 మంది తెలివితక్కువ శిష్యులు! రాసింది ఎవరు? ఇటలీ నుంచి వచ్చిన జెసూట్ ఫాదర్ బెస్కి! ఆ శిష్యులు ఏరు నిద్రపోయిందా లేదా అని కొరివి పెట్టి చూస్తారు. గుర్రం గుడ్డు అని నమ్మి ఏం కొనుక్కొస్తారో తెలుసా? గుమ్మడికాయ! గుమ్మడిదల పాఠకులు నవ్వుకోవచ్చు!

భారతదేశంలో పుట్టి లాటిన్ రీతిలో బిషప్ అయిన మొదటి మనిషి ఎవరు? గోవా బ్రాహ్మణ కుటుంబంలోంచి వచ్చిన మత్తేయు ద కాస్ట్రో. సంవత్సరం 1637! గోవాలోని పోర్చుగీసు పెద్దలు ఆయన్ని గురుత్వంలోకి చేరనివ్వలేదు. తిన్నగా రోమ్ వెళ్లి బిషప్ అయి తిరిగొచ్చాడు! ఆయనకి అప్పగించిన సీమల్లో ఒకటి గోల్కొండ. అంటే మన కుతుబ్‌షాహీల రాజ్యం! పట్టుదల అంటే అది!

సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ బసిలికా చూశారుగా. మరియమాత మోక్షారోపణం పేరు మీద కట్టిన గుడి. 1850లో పూర్తయింది. ఆ మోక్షారోపణం అందరూ నమ్మి తీరాల్సిన విశ్వాస సత్యమని రోమ్ ప్రకటించింది ఎప్పుడు? సరిగ్గా 100 ఏళ్ల తర్వాత! అంటే రోమ్ ముద్ర వేయకముందే సికింద్రాబాద్ గంట కొట్టేసింది! పండుగ తేదీ ఆగస్టు 15. పొద్దున పూజ, ఆ వెంటనే గుడి ఆవరణలోనే జెండా వందనం. ఒకే లడ్డూకి రెండు పండుగలు!

పోపు ఏం చెప్పినా తప్పే ఉండదని కథోలికులు నమ్ముతారు. ఇదేగా మీరు విన్నది? కాదండీ! పోపు తన పీఠం మీది నుంచి, లోకమంతటికీ, విశ్వాసం గురించో నీతి గురించో ఖాయంగా నిర్వచిస్తేనే ఆ ముద్ర. గత రెండు వందల ఏళ్లలో ఎవరూ కాదనలేని సందర్భాలు 2 మాత్రమే! రెండూ మరియమాత గురించే! క్రికెట్ స్కోర్ గురించి పోపు చెప్పింది మీరు నమ్మనక్కర్లేదు!

ఆ సికింద్రాబాద్ గుడి కట్టించిన ఐరిష్ బిషప్ డేనియల్ మర్ఫీ తర్వాత ఏమయ్యాడు? భూగోళం అడుగుకి వెళ్లాడు! ఆస్ట్రేలియా దిగువన టాస్మేనియా దీవిలో ఆర్చ్‌బిషప్ అయ్యాడు. 92 ఏళ్లు బతికాడు! ఎండకి ఒళ్లు చెడిందని మన దక్కన్ వదిలి వెళ్లిన మనిషి!

గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కేథడ్రల్‌లో గంటలు 5. అన్నీ ఇటలీలో పోతపోసినవే! 1892లో ఓడెక్కి వచ్చాయి. చుట్టూ ట్రాఫిక్ హారన్ల మధ్య ఇప్పటికీ అవే గంటలు! వినబడటమే కష్టం.

పక్కనే ఆల్ సెయింట్స్ స్కూలు. పునీతులందరి పేరు మీద పెట్టిన ఆ బడిలో చదివిన ఒక ముస్లిం కుర్రాడు, ఆడిన మొదటి 3 టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టాడు! మహమ్మద్ అజారుద్దీన్! ఏ పునీతుడు ఆశీర్వదించాడో ఏమో!

విజయవాడ గుణదల కొండ ఎక్కారా? మాత విగ్రహం పెట్టింది ఇటలీ ఫాదర్ అర్లాటి, 1924లో. పేరు ఫ్రాన్సులోని లూర్దు మాతది. మొక్కు మాత్రం అచ్చ తెలుగు! తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు! ఫిబ్రవరి తిరునాళ్లకి వచ్చేవాళ్లంతా క్రైస్తవులే అనుకుంటే పొరపాటు. బొట్టు పెట్టుకున్న అమ్మలు ఎందరో!

కథోలిక పూజలో హారతి ఇవ్వొచ్చా? దీపపు సెమ్మె వెలిగించొచ్చా? చెప్పులు విడిచి నేల మీద కూర్చోవచ్చా? అన్నింటికీ రోమ్ ఎప్పుడో సరే అంది! 1969 ఏప్రిల్‌లో మన దేశం కోసం ప్రత్యేకంగా 12 మార్పులు ఒప్పుకుంది. పంచాంగ ప్రణామం కూడా ఆ చిట్టాలో ఉంది! ఇదేం హిందూ పద్ధతి అని గొణిగిన కథోలికులు లేకపోలేదు. గొణుగుడు ఇంకా పూర్తిగా ఆగలేదు లెండి.

క్రిస్మస్‌కి ఇంట్లో పశువుల పాక పెడతారుగా. గడ్డి, బొమ్మలు, పైన నక్షత్రం. దాన్ని మొదట పెట్టింది అస్సీసి ఫ్రాన్సిస్, 1223లో, గ్రెచ్చో అనే పల్లెలో. బొమ్మలతో కాదు! నిజం ఎద్దు, నిజం గాడిద!

పోపు పాపసంకీర్తనం చేస్తారా? చేస్తారు! మోకాళ్ల మీద, మామూలు ఫాదర్ ముందు! పోప్ ఫ్రాన్సిస్ స్వయంగా చెప్పారు, 15 రోజులకోసారి వెళ్తానని. ఆ విన్న ఫాదర్ నోరు విప్పితే? తక్షణం వెలి! పోలీసులు అడిగినా చెప్పకూడదు, ప్రాణం పోయినా చెప్పకూడదు!

కథోలిక చర్చి చట్టంలో సూత్రాలు 1,752! చిట్టచివరి సూత్రం ఏం చెబుతుందో తెలుసా? ఆత్మల రక్షణే అన్నింటికీ పై చట్టం అని. ముందు 1,751 చదివినవాడికి ఊరట!

ఎవరినైనా పునీతులుగా ప్రకటించే ముందు వాళ్ల తప్పులు వెతకడానికి వాటికన్‌లో ఒక వకీలు ఉండేవాడు. జనం పెట్టిన పేరు సాతాను వకీలు! రెండవ జాన్ పాల్ పోపు ఆ ఉద్యోగం కోరలు పీకేశాడు. ఆ తర్వాత చూడండి జోరు! ఆయన ఒక్కడి కాలంలోనే 482 మంది పునీతులయ్యారు! మదర్ తెరెసా ఫైలు నడిచినప్పుడు మాత్రం, ఆవిడని తిడుతూ పుస్తకం రాసిన క్రిస్టఫర్ హిచెన్స్‌ని పిలిచి మరీ సాక్ష్యం తీసుకున్నారు. ఈ పద్ధతి నాకు నచ్చింది!

జీన్స్ ప్యాంటు వేసుకున్న పునీతుడిని చూశారా? కార్లో అక్యూటిస్! వీడియో గేములు ఆడాడు. కంప్యూటర్ కోడ్ రాశాడు. దివ్యసత్ప్రసాద అద్భుతాలన్నీ కలిపి వెబ్‌సైట్ చేశాడు. 15 ఏళ్లకే లుకేమియాతో వెళ్లిపోయాడు. 2025 సెప్టెంబరులో పునీతుడయ్యాడు! అస్సీసిలో ఆయన సమాధికి గాజు పలక ఉంటుంది. లోపల జీన్స్, కాళ్లకి స్పోర్ట్స్ షూ! మీ ఇంటర్ కుర్రాడికి చూపించండి, ఫోన్ పక్కన పెట్టి చూస్తాడు!

గుడ్ ఫ్రైడే వస్తే టీవీలో కరుణామయుడు రావాల్సిందే! 1978 సినిమా. ఏసు వేషం వేసిన విజయచందర్ ఎవరు? టంగుటూరి ప్రకాశం పంతులుగారి మనవడు! ఊరూరా ఆయన ఫొటోకే దండం పెట్టారు. దాదాపు ఎనిమిదేళ్ల తర్వాత ఆయనే షిర్డీ సాయిబాబా వేషం వేశాడు. దానికీ జనం దండం పెట్టారు! ఒకే ముఖానికి రెండు మతాల హారతి! ఈ ఘనత హాలీవుడ్‌లో ఎవరికైనా ఉందా? దర్శకుడు భీమ్‌సింగ్ మాత్రం తన సినిమా విడుదల చూడలేదు. అదే ఏడాది ముందే కన్నుమూశాడు.

సినిమాలంటే వాటికన్‌కి పడదనుకుంటున్నారా? సినిమా పుట్టి నూరేళ్లయిందని 1995లో మంచి చిత్రాల జాబితా వేసింది! మొత్తం 45. అందులో మన గాంధీగారి సినిమా ఉంది! భక్తి సినిమాలే కాదు, అంతరిక్ష నౌకల కథ కూడా ఉంది. జాబితా వేసినవాళ్లకి అభిరుచి ఉందని ఒప్పుకోక తప్పదు!

మెక్‌డొనాల్డ్స్ చేప బర్గర్ ఎలా పుట్టిందో తెలుసా? అప్పట్లో శుక్రవారం కథోలికులు మాంసం ముట్టేవాళ్లు కాదు కాబట్టి! అమెరికాలో సిన్సినాటి ఊళ్లో ఒక హోటలు యజమానికి శుక్రవారాలు బేరమే లేదు. చేప బర్గర్ పెడతానన్నాడు. పెద్ద బాస్ ఒప్పుకోక, అనాసపండు ముక్క బర్గర్ పెట్టమన్నాడు. సరే, పందెం! 1962 గుడ్ ఫ్రైడే నాడు రెండూ అమ్మారు. అనాస బర్గర్లు 6 పోయాయి. చేప బర్గర్లు? 350!

ఆఖరి ముక్క, ఇంట్లో ఆడవాళ్లకి తప్పక చెప్పండి! టీవీకి కూడా ఒక పునీతురాలు ఉంది! అస్సీసి క్లారమ్మ. క్రిస్మస్ రాత్రి జబ్బుతో మంచం దిగలేకపోయింది. దూరాన గుడిలో జరుగుతున్న పూజ మొత్తం తన గది గోడ మీద కనిపించిందట! కరెంటు లేదు, కేబుల్ లేదు, పదమూడో శతాబ్దం! అందుకే 1958లో పోపుగారు టీవీని ఆవిడకి అప్పగించేశారు. సీరియల్ మంచి పట్టులో ఉండగా సిగ్నల్ పోతే ఎవరికి మొక్కాలో ఇప్పుడు తెలిసిందిగా!